శక్తిగ్రహోపాయాలు - ఆంగ్ల నవలాబోధన

ఆంగ్లాన్ని పరభాషగా అభ్యసించే విద్యార్థికి పదసంపద ఎట్లా అలవడుతుందన్న ప్రశ్నకు పాఠశాలలలోను, కళాశాలలలోను సాధారణంగా లభించే సమాధానం పదపట్టిక. పుటకు ఎడమవైపు ఆంగ్లపదం, కుడివైపు దానికి తెలుగు అర్థం. విద్యార్థి వల్లె వేసి అప్పచెప్పడం, అధ్యాపకుడు మార్కులు వేయడం. ఈ పద్ధతిలో శ్రమకు కొరత లేదు. కాని నూరు పదాలు తడుముకోకుండా అప్పచెప్పిన విద్యార్థిని ఆ నూటిలో పదింటితో ఒక పేరా వ్రాయుమంటే కలం కదలదు. అర్థం తెలిసిన పదం ప్రయోగానికి రాకపోవడమే ఇక్కడి అసలు సమస్య.

వల్లె వేయడం ప్రాచ్యవిద్యకు కొత్త కాదు గదా, అమరకోశాన్ని అట్లాగే నేర్చుకొన్నారు గదా అని కొందరు సమర్థించవచ్చు. ఈ సమర్థనలో ఒక విస్మృతి ఉన్నది. సంప్రదాయవిద్యలో అమరం ఒంటరిగా ఎన్నడూ లేదు. ఒకవైపు శబ్దమంజరి, మరొకవైపు రఘువంశం ఉండగా వాటి నడుమ అమరం నడిచింది. ఉదయం కోశంలో కంఠస్థమైన పదం సాయంకాలం కాళిదాసు శ్లోకంలో ఎదురయ్యేది. అందువల్ల అది నిలిచింది. నేటి ఆంగ్ల పదపట్టిక కావ్యం తోడు లేని కోశం. ఆ లోటును ఒక నవల తీర్చగలదు. అయితే నవలను కూడా మరొక పదపట్టికగా మార్చకుండా, శాస్త్రకారులు చెప్పిన శక్తిగ్రహోపాయాలను అనుసరించి చదివించినప్పుడే అది సాధ్యం. ఈ పనికి ఎవరికన్న ప్రాచ్యకళాశాల అధ్యాపకుడే సమర్థుడు కావడం గమనింపదగిన విశేషం.

ప్రాచీనుల మార్గం

కావ్యం ద్వారా భాషను బోధించడం భారతీయులకు అపరిచితం కాదు. భట్టి రచించిన రావణవధ కావ్యం రామకథను చెబుతూనే పాణినీయ వ్యాకరణానికి ఉదాహరణలను సమకూర్చింది. సూత్రం పఠించి విసిగిన శిష్యునికి అక్కడ సూత్రం కథలో నడుస్తూ కనబడుతుంది. విష్ణుశర్మ రాజపుత్రులకు నీతిని కథలుగా చెప్పిన పంచతంత్రం, దానిని ఆధారం చేసికొని చిన్నయసూరి 1853లో వెలువరించిన నీతిచంద్రిక కూడా ఈ కోవకే చెందుతాయి. నీతిచంద్రికను చదివినవారు నీతిని ఎంత నేర్చారో చెప్పడం కష్టం గాని, తెలుగు వచనాన్ని నేర్చారనడంలో సందేహం లేదు.

పదానికీ అర్థానికీ గల సంబంధం శక్తి. ఆ శక్తిని శిష్యుడు ఏయే ఉపాయాలతో గ్రహిస్తాడన్న విషయాన్ని నైయాయికులు సూక్ష్మంగా విచారించారు. విశ్వనాథ పంచాననుని న్యాయసిద్ధాంతముక్తావళి చదివినవారికి ఆ ఎనిమిది ఉపాయాలు సుపరిచితాలు: వ్యాకరణం, ఉపమానం, కోశం, ఆప్తవాక్యం, వ్యవహారం, వాక్యశేషం, వివరణం, సిద్ధపదసాన్నిధ్యం. ఎనిమిదింటిలో కోశం ఒకటి మాత్రమే. నేటి ఆంగ్లబోధన ఏడు ద్వారాలు మూసి ఒక్క ద్వారం గుండా శిష్యుని పంపుతున్నది.

ఈ ఎనిమిదింటిలో వ్యవహారానికి మూలస్థానం ఉన్నది. ఉత్తమవృద్ధుడు ఆవును తెమ్మంటాడు, మధ్యమవృద్ధుడు తెస్తాడు, పక్కనున్న బాలుడు చూస్తాడు. మరల ఆవును కట్టివేయుమనడం, గుఱ్ఱాన్ని తెమ్మనడం వింటాడు. పదాలు మారినప్పుడు పనులు ఎట్లా మారాయో గమనించి, ఆవాపోద్వాపాల చేత ఏ పదానికి ఏ అర్థమో విడదీసికొంటాడు. అన్వితాభిధానవాదులకు, అభిహితాన్వయవాదులకు వాక్యార్థబోధ విషయంలో ఎంత భేదమున్నా, బాలుడు మొదట పదాన్ని నేర్చేది వాక్యవ్యవహారం నుండే అన్న విషయంలో పెద్ద వివాదం లేదు. పరభాష నేర్చుకొనే విద్యార్థికి అటువంటి వృద్ధవ్యవహారం ఇంటిలోను, వీథిలోను లభించదు. దానికి ప్రతినిధిగా నిలువగలది నవల. నవలలో మనుషులు మాటలాడుతారు, ఆజ్ఞాపిస్తారు, పొరబడతారు. పాఠకుడు పక్కన నిలిచిన బాలునివలె గమనిస్తాడు.

ఒక నవల

కిశోరవయస్కుల కోసం వ్రాసిన నవలలు ఆంగ్లంలో ఒక ప్రత్యేక శాఖగా వర్ధిల్లాయి. వాటిలో వాక్యం సరళంగా ఉంటుంది. వస్తువు సరళంగా ఉండవలసిన నియమం లేదు. వయస్సులో పెద్దవాడై, ఆంగ్లంలో మాత్రం చిన్నవాడైన ప్రాచ్యకళాశాల విద్యార్థికి ఈ లక్షణం అనుకూలిస్తుంది. శిశుకథలు అతని బుద్ధిని అవమానిస్తాయి. విక్టోరియా యుగపు బృహన్నవలలు అతని ఓపికను పరీక్షిస్తాయి.

ఈ శాఖలో అమెరికా రచయిత్రి లోయిస్ లౌరీ వ్రాసిన 'ది గివర్' పరిశీలింపదగినది. ఇది 1993లో వెలువడి, 1994లో న్యూబెరీ పతకాన్ని పొందింది. మొత్తం 23 అధ్యాయాలు. అమెరికా పాఠశాలలలో విస్తృతంగా పాఠ్యగ్రంథమైనది. అదే దేశంలో 1990లలో తల్లిదండ్రుల అభ్యంతరాలకు ఎక్కువగా గురైన పుస్తకాలలోను ఒకటి. ఇందులో ఒక సమాజం బాధను పూర్తిగా తొలగించుకొన్నది. అందుకోసం రంగులను, కొండలను, ఎండావానలను, గతస్మృతులను కూడా వదులుకొన్నది. ఎవరు ఏ వృత్తి చేయాలో పన్నెండవ ఏట పెద్దలు నిర్ణయిస్తారు. జోనస్ అనే బాలునికి దక్కిన వృత్తి స్మృతులను స్వీకరించడం. సమాజమంతా మరచిన అనుభవాలను ఒక్క వృద్ధుడు మోస్తుంటాడు. బాలుని వీపుపై చేతులుంచి వాటిని ఒక్కొక్కటిగా అతనికి అందిస్తాడు.

ఈ నవలను పదబోధకు ఎన్నుకొనడానికి ప్రధాన కారణం దాని వస్తువే. అక్కడి సమాజంలో భాషలో కచ్చితత్వం ఒక కఠిననియమం. తొలి అధ్యాయంలోనే బాలుడు తన మనఃస్థితికి 'ఫ్రైటెన్డ్' అన్న మాట సరిపోదని తలచి, వెదకి వెదకి 'అప్రిహెన్సివ్' అన్న మాటను ఎంచుకొంటాడు. ఒకటి కళ్ళెదుటి భయం, రెండవది రాబోయే దానిని గురించిన శంక. తెలుగులో భయానికీ గుబులుకూ గల తేడా వంటిది. పదాన్ని వెదకడమే కథకు ఆరంభమైన నవల పదబోధకు ఇంతకన్న ఏ విధంగా అనుకూలించగలదు?

ఎనిమిది ఉపాయాల అన్వయం

వ్యాకరణం మొదటిది. ఆ సమాజం తన విధానానికి పెట్టుకొన్న పేరు 'సేమ్‌నెస్'. 'సేమ్' అన్న దానికి 'నెస్' చేరింది. సమశబ్దానికి త్వప్రత్యయం చేరి సమత్వం అయినట్లు. భావార్థంలో త్వ, తల్ ప్రత్యయాలను చదివిన శిష్యునికి ఈ ఒక్క పోలికతో ఆంగ్లంలో నెస్ చేరిన పదాలు అనేకం వశమౌతాయి. ఆ సమాజానికి వెలుపలి ప్రదేశాన్ని వారు 'ఎల్స్‌వేర్' అంటారు. అన్యశబ్దానికి త్రల్ చేరిన అన్యత్ర అన్న అవ్యయానికి ఇది అచ్చంగా సరిపోతుంది. 'గివర్', 'రిసీవర్', 'నర్చరర్' అన్నవి దాత, గ్రహీత, పోషకుడు వంటి కర్త్రర్థక కృదంతాలు. శిష్యునికి తెలిసిన శాస్త్రంతో తెలియని భాషను ముడివేసినప్పుడు అతడు ఆంగ్లం ముందు దీనుడుగా నిలువడు. ఈ ఆత్మగౌరవం చిన్న లాభం కాదు.

ఉపమానం రెండవది. గవయాన్ని ఎన్నడూ చూడనివానికి అది ఆవువంటిదని చెప్పడం శాస్త్రోదాహరణ. నవలలో బాలుడు స్వీకరించే తొలి స్మృతి మంచులో స్లెడ్ మీద కొండదిగువకు జారడం. స్లెడ్ అంటే చక్రాలు లేకుండా పట్టీలపై జారే బండి. తెలుగునేలపై పెరిగిన విద్యార్థులలో అధికులు దానిని చూచియుండరు. తాటిమట్టపై కూర్చుండి ఇసుకతిన్నెమీద జారిన పిల్లవానికి మాత్రం ఆ పోలిక చాలు.

కోశం ఎంత అవసరమో, ఎంత అసంపూర్ణమో 'స్నో' అన్న మాట చూపుతుంది. నిఘంటువు దానికి మంచు అని అర్థం ఇస్తుంది. అయితే తెలుగువాడు గడ్డిపై నిలిచే బిందువునూ, తెల్లవారుజామున దారి మూసివేసే పొగవంటి దానినీ, హిమాలయాన్ని కప్పినదానినీ మంచు అనే అంటాడు. ఆంగ్లంలో వీటికి 'డ్యూ', 'ఫాగ్', 'స్నో' అని వేరువేరు మాటలు. గడ్డకట్టిన దానికి 'ఫ్రాస్ట్', 'ఐస్' అని మరి రెండు. నిఘంటువుతో తృప్తిపడిన విద్యార్థి మార్గశిరమాసపు ఉదయాన్ని వర్ణిస్తూ పొలాలపై 'స్నో' కురిసిందని వ్రాస్తాడు. తప్పు అతనిది కాదు, ఒక్క ఉపాయంతో సరిపెట్టిన బోధనది.

ఇక్కడ మరొక విశేషమున్నది. నవలలోని బాలునికి కూడా మంచు తెలియదు. వాతావరణాన్ని నియంత్రించిన ఆ సమాజంలో మంచు కురిసి తరాలు గడిచాయి. అతడు మొదట చలిని, చర్మంపై ఈకలవంటి స్పర్శను అనుభవిస్తాడు. ఆ అనుభవంతోపాటే మాట అతనికి తెలుస్తుంది. అమెరికాలో శీతలప్రాంతపు విద్యార్థికి ఈ ఘట్టం తెలిసిన విషయమే. కోస్తాలోనో, తెలంగాణలోనో పెరిగిన విద్యార్థి మాత్రం జోనస్‌తో సమానంగా నిలిచి ఆ మాటను నేర్చుకొంటాడు.

ఆప్తవాక్యం నవలలోపల వృద్ధునిది, తరగతిలో అధ్యాపకునిది. వివరణానికి ఒక చక్కని ఘట్టం ఉన్నది. జోనస్ మిత్రుడు ఆషర్ బడికి ఆలస్యంగా వచ్చి క్షమాపణ చెబుతూ 'డిస్‌ట్రాక్టెడ్' అనవలసిన చోట 'డిస్‌ట్రాట్' అంటాడు. మొదటిది దృష్టి మరలడం, రెండవది మనస్సు కలత చెందడం. ఉపాధ్యాయుడు రెండు మాటలను ఫలకంపై వ్రాసి భేదం చెబుతాడు. సిద్ధపదసాన్నిధ్యం ప్రతి పుటలోను పనిచేస్తుంది. మామిడిచెట్టుపై పికం మధురంగా కూస్తున్నదన్నప్పుడు తెలిసిన మాటల మధ్య పికశబ్దం తెలిసినట్లే, కొండ, జారడం, వేగం అన్న తెలిసిన మాటల నడుమ తెలియని మాట తనంతట తెలుస్తుంది. అధ్యాపకుడు చేయవలసిన పని ఆ తెలియడానికి కొంత వ్యవధి ఇవ్వడం. శిష్యుడు ఊహించకముందే అర్థం చెప్పడం అతని బుద్ధివ్యాపారాన్ని ఆపడమే.

'రిలీజ్' అన్న మాట

వ్యవహారానికి, వాక్యశేషానికి ఈ నవలలో లభించే ఉదాహరణ అన్నిటికన్న బలమైనది. 'రిలీజ్' అన్న మాట తొలిపుటల నుండి వినబడుతుంది. దారి తప్పిన విమానచోదకుని విషయంలో అది శిక్ష. వృద్ధుల విషయంలో అది వేడుకతో కూడిన సత్కారం. బరువు పెరగని శిశువు విషయంలో అది విచారకరమైన తప్పనిసరి. నిఘంటువు చూచిన విద్యార్థికి విడుదల అన్న అర్థం దొరుకుతుంది. ఒకే విడుదల శిక్షగాను, సత్కారంగాను ఎట్లా ఉండగలదన్న శంక మిగులుతుంది. ఆ శంక మిగలడమే మంచిది.

పందొమ్మిదవ అధ్యాయంలో శంక తీరుతుంది. శిశుపోషకుడైన జోనస్ తండ్రి కవలలలో బరువు తక్కువైన శిశువుకు సూదిమందు ఇవ్వడం, శిశువు కదలిక ఆగిపోవడం, తండ్రి ఆ దేహాన్ని చెత్తవలె పంపివేయడం బాలుడు దృశ్యరూపంలో చూస్తాడు. యవశబ్దానికి పొడవైన ముండ్లుగల ధాన్యమా, కొర్రలా అన్న సందేహాన్ని వాక్యశేషం తీర్చినట్లు, ఇక్కడ గ్రంథశేషం ఆ పదార్థాన్ని నిర్ణయిస్తుంది. పాఠకుడు వెనుకకు తిరిగి అంతవరకు చదివిన ప్రతి 'రిలీజ్'ను మరల చదువుకొంటాడు. వేడుకతో పంపిన వృద్ధులు ఏమయ్యారో అప్పుడు తెలుస్తుంది.

మరణాన్ని మృదువైన మాటతో చెప్పడం తెలుగువారికీ ఉన్నది. పరమపదించారంటారు, కాలం చేశారంటారు. దీపం ఆరిందనక కొండెక్కిందంటారు. ఆలంకారికులు అమంగళవ్యంజకమైన అశ్లీలాన్ని దోషంగా పరిగణించారు. కాని తెలుగువాడు కాలం చేశారన్నప్పుడు వినేవానికి మరణమన్న సంగతి స్పష్టంగా తెలుస్తుంది. మృదుత్వం దుఃఖితుని కోసం. నవలలోని మాట హంతకుని కోసం, హత్యను అతనికే తెలియనీయకుండా చేయడం కోసం. ఒక మాట అర్థాన్ని ప్రకాశింపజేయగలదు, కప్పివేయనూ గలదు. ఈ వివేకాన్ని ఏ పదపట్టికా కలిగించలేదు. విద్యార్థి ఇక్కడ నేర్చినది ఒక ఆంగ్లపదమే అయినా, వార్తాపత్రికలోను, ప్రభుత్వప్రకటనలోను, వ్యాపారప్రచారంలోను మాటలను పరీక్షించే దృష్టి దానితో అలవడుతుంది.

దీనికి ఎదురుగా మరొక మాట ఉన్నది. ఒక కుటుంబపు పండుగను స్మృతిగా పొందిన జోనస్ ఇంటికి వచ్చి, తనను ప్రేమిస్తున్నారా అని తల్లిదండ్రులను అడుగుతాడు. వారు నవ్వి, అది వాడుక తప్పిన అస్పష్టమైన మాట అని మందలిస్తారు. ప్రాణం తీయడానికి పరిశుభ్రమైన మాట నిలుపుకొన్న సమాజం ప్రేమకు మాట లేకుండా చేసికొన్నది. పదసంపద తగ్గడం అనుభవం తగ్గడమేనని రచయిత్రి కథతోనే చూపింది.

రచనాభ్యాసం

చదవడంతో పదం పరిచితమౌతుంది, వ్రాయడంతో వశమౌతుంది. ఈ భేదాన్ని ఆధునిక పరిశోధనలు కూడా సూచిస్తున్నాయి. ఆంటొనీ బర్జెస్ 1962లో ప్రచురించిన 'ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్' నవలలో రష్యన్ మూలంగల కల్పితపదాలు అనేకం ఉన్నాయి. వాటి అర్థాలను ముందుగా చెప్పకుండా నవలను చదివించి, తరువాత 90 పదాలలో పరీక్షించగా, ఆంగ్లం మాతృభాషగా గల పాఠకులు సగటున మూడువంతులకు పైగా గుర్తించినట్లు సరగి, నేషన్, మైస్టర్ 1978లో ప్రకటించారు. నవలాపఠనాన్ని సమర్థించేవారు దీనిని తరచు ప్రస్తావిస్తారు. అయితే ఆంగ్లాన్ని పరభాషగా నేర్చే విద్యార్థులపై హోర్స్ట్, కాబ్, మియారా జరిపి 1998లో ప్రకటించిన పరిశీలనలో ఫలం చాలా స్వల్పం. తెలియని పదాలలో అయిదింట ఒకటి మాత్రమే పట్టుబడింది. కనుక కేవలపఠనం చాలదు. చదివిన పదం శిష్యుని చేతిమీదుగా మరల మరల నడవాలి.

రచన నేర్పదగినదేనా అన్న సందేహానికి మమ్మటుడు కావ్యప్రకాశంలో సమాధానం చెప్పాడు. శక్తి, నిపుణత, అభ్యాసం మూడూ కలిసి ఒకే హేతువు; ఆ అభ్యాసం కావ్యజ్ఞుల శిక్షణతో జరగాలి. ఆ శిక్షణకు అవసరమైన ప్రక్రియలు తెలుగువారికి అవధానవిద్యలో సిద్ధంగా ఉన్నాయి. వాటిని ఆంగ్లవచనానికి మళ్ళించడమే మిగిలిన పని.

మొదటిది దత్తపది. ఒక అధ్యాయం నుండి నాలుగు మాటలు, ఉదాహరణకు 'రిలీజ్', 'ఆపిల్', 'రూల్', 'ఎల్స్‌వేర్', ఇచ్చి, నవలలోని సందర్భం కాక తన ఊరి సందర్భంతో ఒక పేరా వ్రాయుమనాలి. జాలరి వలనుండి చేపను విడిచిపెట్టడంలో 'రిలీజ్' వచ్చినప్పుడు ఆ మాట ఆ విద్యార్థిది అయినట్లే.

రెండవది నిషేధం. అవధానంలో నిషేధించేది అక్షరాన్ని, ఇక్కడ పదాన్ని. జోనస్ లోకంలో రంగులు లేవు. అతడు చేతిలోని ఆపిల్‌లో క్షణకాలం ఏదో మార్పు చూస్తాడు. అది ఎఱుపని చాలాకాలం తరువాత తెలుస్తుంది. గుంటూరు మిరపకల్లాన్ని ఏ రంగు పేరూ వాడకుండా వర్ణించుమంటే విద్యార్థి వేడిని, ఘాటును, కళ్ళమంటను, ఎండిన కాయల చప్పుడును ఆశ్రయిస్తాడు. ఆ అవసరం కొత్త మాటలను వెదకిస్తుంది.

మూడవది సమస్య. నవల అంతంలో జోనస్ ఒక శిశువుతో మంచుకొండ నుండి జారుతూ దూరాన దీపాలను చూస్తాడు, సంగీతాన్ని వింటాడు. వారు బ్రతికారా లేదా అన్నది అస్పష్టం. పూరణ విద్యార్థి చేయాలి. సమస్యాపూరణలో వలె ఇక్కడ కూడా నియమముండాలి. ఇచ్చిన ఆధారాలకు విరుద్ధం కాకూడదు. రచయిత్రి తరువాత 2012 వరకు మరి మూడు నవలలు వ్రాసి ఈ కథాప్రపంచాన్ని విస్తరించింది. ఆ సంగతి పూరణ పూర్తయిన తరువాతనే తెలుపాలి.

నాలుగవది స్మృతిదానం. నవలలోని వృద్ధుని స్థానంలో విద్యార్థి కూర్చుండి, ఏమీ తెలియని పాఠకునికి తన స్మృతిని ఒకదానిని అందించాలి: తొలకరివాసన, భోగిమంట, పొంగిన పాలు, అమ్మమ్మ ఇంటి అరుగు. 'తొలకరి' అన్న మాటకు ఆంగ్లంలో సరియైన మాట దొరకదు. అప్పుడు ఆ మాటను అట్లాగే ఉంచి, ఎనిమిది ఉపాయాలలో ఏవో కొన్నిటితో పాఠకునికి తెలియజేయాలి. ఇంతవరకు శక్తిని గ్రహించినవాడు ఇప్పుడు శక్తిని గ్రహింపజేసేవాడౌతాడు.

తొలిరచనలలో నవల ఛాయ ఉండడం సహజం. క్షేమేంద్రుడు కవికంఠాభరణంలో ఛాయను, పదాన్ని, పాదాన్ని, సమస్తాన్ని ఉపజీవించేవారిని వేరుచేసి చెప్పాడు. ఛాయోపజీవనంతో ఆరంభించిన విద్యార్థిని స్వతంత్రరచన వైపు నడిపించడం అధ్యాపకధర్మం.

తప్పులు దిద్దడంలో నవల ఒక హెచ్చరిక కూడా చేస్తున్నది. ఆషర్ మూడేండ్లవాడుగా ఉన్నప్పుడు చిరుతిండిని అడగబోయి 'స్నాక్' అనక 'స్మాక్' అన్నాడు. ఆ రెండవ మాటకు దెబ్బ అని అర్థం. ప్రతిసారీ బెత్తంతో కొట్టారు. కొంతకాలానికి ఆ శిశువు మాటలాడడమే మానివేశాడు. కచ్చితత్వం కోసం వేసిన శిక్ష మౌనాన్ని ఫలించింది. శాస్త్రగ్రంథాలలో గంభీరంగా వాదించగలిగి, ఆంగ్లంలో ఒక్క వాక్యం అడిగితే తలవంచుకొనే విద్యార్థులను ఎరిగిన అధ్యాపకులు ఈ ఘట్టాన్ని ఊరకే దాటలేరు. ఎర్రసిరాతో నిండిన పుట కూడా ఒక బెత్తమే.

పూర్వపక్షాలు

అమెరికా నవల తెలుగు విద్యార్థికి దూరమన్నది మొదటి ఆక్షేపం. ఈ నవలలోని సమాజం ఏ దేశానికీ చెందినది కాదు. అమెరికా విద్యార్థికి కూడా అది పరదేశమే. దేశీయమైన వాతావరణమే కావాలన్నవారికి ఆర్.కె. నారాయణ్ 1935లో ప్రకటించిన 'స్వామి అండ్ ఫ్రెండ్స్' ఉన్నది. పద్ధతి ప్రధానం, గ్రంథం వికల్పం.

శిశుమరణం వంటి విషయం యువకులకు తగదన్నది రెండవది. ఈ ఆక్షేపం చిన్నపిల్లల విషయంలో ఆలోచింపదగినదే. సౌప్తికపర్వాన్ని పాఠంగా చదువగల వయస్సున్న విద్యార్థులకు ఇది వర్తించదు.

మూడవది కాలాన్ని గురించినది. ఇరవైమూడు అధ్యాయాలను తరగతిలో చదవడానికి పాఠ్యప్రణాళిక అవకాశమిస్తుందా? ప్రతి పదాన్నీ వివరించబూనితే ఇవ్వదు. అధ్యాయానికి ఎనిమిది పదిమాటలను మాత్రం ఎన్నుకొని, తక్కినవాటిని కథాప్రవాహానికి వదిలివేస్తే వారానికి రెండు అధ్యాయాల చొప్పున ఒక అర్ధసంవత్సరంలో ముగుస్తుంది. ఇంతటితో నేర్చేవి సుమారు రెండువందల మాటలే. పట్టికతో వేయి నేర్పవచ్చునన్న వాదం ఉంటుంది. వేయింటిని అప్పచెప్పేవాడు మేలా, రెండువందలతో నాలుగుపుటలు వ్రాయగలిగినవాడు మేలా అన్నది అధ్యాపకులు నిర్ణయించుకోవలసిన విషయం.

పరీక్షలో పదాలకు అర్థాలే అడుగుతారు గదా అన్నది నాలుగవది. ఇది నిజమైన అడ్డంకి. ప్రశ్నపత్రంలో అర్థాలు వ్రాయుమనే భాగం ఉన్నంతకాలం విద్యార్థి పట్టికనే ఆశ్రయిస్తాడు. ఆ స్థానంలో ఒక దత్తపది, ఒక వర్ణన ఉంచితే చదివే తీరు దానంతట మారుతుంది. బోధనను సంస్కరించి పరీక్షను వదిలివేసిన ప్రయత్నం నిలువదు.

ప్రాచ్యకళాశాలకు ఆంగ్లం ఎందుకన్న చివరి ప్రశ్న మర్యాద కోసం అడగకపోయినా చాలమంది మనస్సులో ఉన్నది. 1852లో వెలువడిన బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెనుక తెలుగు పండితుల శ్రమ ఉన్నది. రెండు భాషల నడుమ నిలిచి మాటకు మాటను తూచిన పని వారిది. శాస్త్రజ్ఞానమున్న పండితుడు ఆంగ్లం ముందు మౌనం వహిస్తే, సంస్కృతాంధ్ర వాఙ్మయాన్ని గురించి లోకానికి చెప్పే బాధ్యత ఆ వాఙ్మయం తెలియనివారి చేతికి పోతుంది. జరుగుతున్న నష్టం ఇదే.

ఈ నష్టాన్ని పూరించడానికి విదేశీయమైన బోధనాసిద్ధాంతాల కోసం ఎదురుచూడవలసిన పని లేదు. శక్తివాదం చదివిన అధ్యాపకుడు, అవధానం ఎరిగిన శిష్యుడు, చదువదగిన ఒక నవల ఉంటే ఆరంభానికి చాలు. ఏదైనా ఒక కళాశాల ఒక సంవత్సరం ఈ విధంగా నడిపి, విద్యార్థులు మొదట వ్రాసిన పుటను, చివర వ్రాసిన పుటను పక్కపక్కన ప్రకటిస్తే తక్కిన కళాశాలలకు నిర్ణయం సులభమౌతుంది.